అన్నీ వచ్చిన పిల్లకి ఏ దారి చూపించాలి?

ప్రశ్న: నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఈ ఏడాది తొమ్మిదో తరగతిలో ఇద్దరు పిల్లల గురించి బాగా ఆలోచనలో పడ్డాను. ఒకమ్మాయి ఏ సబ్జెక్టులోనైనా క్లాసులో అందరికన్నా ముందుంటుంది. లెక్కలు, జీవశాస్త్రం, భాష, చరిత్ర అన్నీ ఒకేలా ఇష్టమంటుంది. "పెద్దయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావ్?" అంటే మాత్రం తల దించుకుంటుంది. వాళ్ళ నాన్నగారు డాక్టర్ని చెయ్యాలని నిశ్చయించేశారు. ఈ మధ్య ఒక్క మార్కు తగ్గినా కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. రెండోవాడు ఒకబ్బాయి. నేను బోర్డు మీద లెక్క రాసి ఇటు తిరిగేలోపే జవాబు చెప్పేస్తాడు. ఒక్కోసారి నేను చెప్పబోయేదానికన్నా చక్కటి పద్ధతిలో చెప్తాడు. కానీ హోంవర్కు రాయడు, పరీక్షలో సగం పేపరు ఖాళీగా ఇచ్చేస్తాడు. మిగతా టీచర్లు వాణ్ణి సోమరి అంటారు. మా స్కూల్లో కెరీర్ గురించి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఇద్దరి తల్లిదండ్రులూ నన్నే అడుగుతున్నారు. కాలేజీ గురించి, వృత్తి గురించి ఏం చెప్పాలి? ఎప్పుడు మొదలుపెట్టాలి? నా మాట విని తప్పుదారి పడతారేమోనని భయంగా ఉంది. — ఒక లెక్కల టీచర్

జవాబు:

టీచర్ గారూ,

ఏ కోర్సు చెప్పాలి, ఏ కాలేజీ చెప్పాలి అన్న సంగతి కొన్నాళ్ళు పక్కన పెట్టండి. అంతకన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. ఈ ఇద్దరి గురించి మీ స్కూలుకి ఇప్పటిదాకా తెలిసిందెంత? అమ్మాయికి అన్నిట్లో మార్కులొస్తాయని తెలుసు, అబ్బాయికి రావని తెలుసు. అంతకుమించి ఏమీ తెలియదు. అంత తక్కువ తెలిసినప్పుడు ఎవరు ఏ సలహా చెప్పినా ఊహే అవుతుంది, చెప్పేవాళ్ళు ఎంత అనుభవజ్ఞులైనా సరే. మామూలు పిల్లల విషయంలో క్లాసు పుస్తకమే కొంత పరీక్ష పెడుతుంది: ఏది కష్టంగా ఉంది, ఏది సులువుగా ఉంది, కష్టమైనా ఏది వదలడం లేదు అన్నవి మనకి కనిపిస్తాయి. బాగా తెలివైన పిల్లలకి క్లాసులో కష్టమే ఎదురవదు కాబట్టి అవేవీ కనిపించవు. అందుకని మీరు చెయ్యాల్సిన మొదటి పని, వాళ్ళకి నిజంగా కష్టమయ్యే పని వాళ్ళ చేతిలో పెట్టడం. కాలేజీ, కెరీర్ ఆలోచన అక్కణ్ణుంచే మొదలవుతుంది.

అమ్మాయికి లెక్కల్లో 98, జీవశాస్త్రంలో 97, భాషలో 98 వచ్చాయనుకోండి. మూడూ సమానంగా వచ్చు అనేస్తాం. కానీ అవి తొమ్మిదో తరగతి వాళ్ళ కోసం తయారైన పేపర్లు. వాటిలో వందకు మించి వెయ్యడానికి చోటు లేదు. ఆ పిల్ల ఒక సబ్జెక్టులో క్లాసుకన్నా ఏడాది ముందుండొచ్చు, ఇంకోదాంట్లో నాలుగేళ్ళు ముందుండొచ్చు. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం రెండుచోట్లా దాదాపు అవే మార్కులు పడతాయి. "అన్నీ ఒకేలా వచ్చు" అన్నది చాలాసార్లు పిల్ల గురించిన నిజం కాదు, పేపరు మరీ సులువుగా ఉందన్న నిజం.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో మొదలుపెట్టిన అధ్యయనానికి పునాది ఇదే. కాలేజీలో చేరబోయే 17, 18 ఏళ్ళ వాళ్ళు రాసే శాట్ పరీక్షని ఆయన 12, 13 ఏళ్ళ పిల్లల చేత రాయించాడు. తమ క్లాసు పరీక్షల్లో అందరూ ఒకే మెట్టు మీద కనిపించిన పిల్లలు ఇక్కడ విడివిడిగా తేలారు. కొందరిలో లెక్కల మొగ్గు స్పష్టంగా బయటపడింది, కొందరిలో భాష మొగ్గు. ఆ పిల్లల్ని తర్వాత దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. లెక్కల వైపు మొగ్గున్నవాళ్ళు ఎక్కువగా సైన్సు, సాంకేతిక రంగాల్లో, భాష వైపు మొగ్గున్నవాళ్ళు ఎక్కువగా రచనలో, మానవీయ శాస్త్రాల్లో పేరు తెచ్చుకున్నట్టు తేలింది. అందరి విషయంలోనూ అలాగే జరగాలని లేదు. కానీ 13 ఏళ్ళకే ఎంతో కొంత ఆనవాలు దొరుకుతుందన్నది మాత్రం నిజం, పేపరు తగినంత కష్టంగా ఉంటేనే.

మీకు శాట్ పేపర్లేమీ అక్కర్లేదు. రెండు, మూడు తరగతుల పైవాళ్ళ పాత ప్రశ్నపత్రాలు ఒక్కో సబ్జెక్టుకి ఒకటి చొప్పున సంపాదించండి. ఇది మార్కుల కోసం కాదని, ఎవరికీ చూపించనని ముందే చెప్పండి. వారానికి ఒకటి ఇవ్వండి. ఎన్ని రాసిందో చూడండి, అంతకన్నా ముఖ్యంగా, రాయలేకపోయిన ప్రశ్న దగ్గర ఏం చేసిందో చూడండి. ఒక సబ్జెక్టులో రానిదాన్ని వదిలేసి ముందుకెళ్తుంది. ఇంకోదాంట్లో మార్జిన్ నిండా ఏవో బొమ్మలు, కొట్టివేతలు ఉంటాయి, టైమైపోయినా పేపరివ్వదు, మర్నాడొచ్చి "అది ఎలా చెయ్యాలి మేడమ్?" అని అడుగుతుంది. నేనైతే మార్కులకన్నా ఆ మర్నాటి ప్రశ్ననే ఎక్కువ నమ్ముతాను.

ఒక్క మార్కు తగ్గితే ఏడుస్తోందన్నారు. దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. చిన్నప్పట్నుంచీ "తెలివైనది" అన్న మాటే వింటూ పెరిగిన పిల్లకి, రాని ప్రశ్న ఎదురైతే రానిది ప్రశ్న ఒక్కటే కాదు, తనకున్న పేరంతా పోతున్నట్టుంటుంది. క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇది కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఐదో తరగతి పిల్లలకి కొన్ని పజిల్స్ ఇచ్చి, బాగా చేశాక కొందరిని "నువ్వు చాలా తెలివైనవాడివి" అని, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత ఏ రకం పని కావాలో ఎంచుకోమంటే, తెలివిని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది బాగా చెయ్యగలమని తెలిసిన సులువైన పనులే కోరుకున్నారు. కష్టమైన పజిల్స్ ఇచ్చి అవి రాకపోయాక, పట్టుదల, ఆనందం వాళ్ళలోనే ఎక్కువగా పడిపోయాయి.

ఇలాంటి పిల్ల కాలేజీకి వెళ్ళాక ఏమవుతుందో ఆలోచించండి. అక్కడ తనలాంటివాళ్ళు క్లాసు నిండా ఉంటారు. జీవితంలో మొదటిసారి ఒక పాఠం అర్థం కాదు. అడగడం అలవాటు లేదు, తప్పు చేసి దిద్దుకోవడం అలవాటు లేదు. "ఇది నాకు సరిపడదేమో" అని మొదటి ఏడాదిలోనే తనకిష్టమైనదాన్ని వదిలేస్తుంది. స్కూల్లో మొదటి ర్యాంకు తప్ప ఎరగని పిల్లలు కాలేజీలో కుంగిపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే. అందుకని కాలేజీకి తయారుచెయ్యడమంటే ఎంట్రన్స్ కోచింగ్ ఒక్కటే కాదు. రాని పనితో రోజుల తరబడి కూర్చోవడం, చూసేవాళ్ళు దగ్గరున్నప్పుడే, అంటే ఇప్పుడే అలవాటు చెయ్యడం.

మీరు లెక్కల టీచర్ కాబట్టి ఒకటి చెప్తాను, ఇద్దరికీ ఇవ్వండి. ఒక గదిలో ఆరుగురున్నారు. వాళ్ళలో ఒకరికొకరు తెలిసిన ముగ్గురైనా, ఒకరికొకరు బొత్తిగా తెలియని ముగ్గురైనా ఉండి తీరతారని నిరూపించమనండి. సూత్రమేదీ అక్కర్లేదు. ఒకరిని పట్టుకుంటే, మిగతా ఐదుగురిలో కనీసం ముగ్గురు ఆ మనిషికి తెలిసినవాళ్ళు, లేదంటే కనీసం ముగ్గురు తెలియనివాళ్ళు అవుతారు. అక్కణ్ణుంచి రెండడుగులు వేస్తే తేలిపోతుంది. అబ్బాయి బహుశా నిమిషాల్లో చెప్పేస్తాడు. అప్పుడు, "ముగ్గురు కాకుండా నలుగురు కావాలంటే గదిలో కనీసం ఎంతమంది ఉండాలి?" అనండి. జవాబు 18. అది 1955లో ప్రచురితమైన ఫలితం, పిల్లలు వారాల తరబడి తిప్పలు పడతారు. పడనివ్వండి. ఆ తర్వాత, "ఐదుగురు కావాలంటే?" అనండి. ఈ ప్రశ్నకి కచ్చితమైన జవాబు ప్రపంచంలో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆ మాట వినగానే ఇద్దరి మొహాలూ చూడండి. ఎప్పుడూ జవాబులున్న ప్రశ్నలే చూసిన పిల్లలకి, జవాబు లేనివాటి మీద పనిచేసే మనుషులున్నారని, అదొక ఉద్యోగమని మొదటిసారి తెలుస్తుంది. కెరీర్ గైడెన్స్ అంటే నా దృష్టిలో ఇదీ భాగమే. జీవశాస్త్రం టీచర్, చరిత్ర టీచర్ కూడా తమ సబ్జెక్టుల్లో ఇలాంటివి ఒక్కోటి వెతికి ఇవ్వగలరు. చరిత్రలో అయితే ఒకే సంఘటన మీద ఒకదానికొకటి పొసగని రెండు పాత పత్రాలు చేతికిచ్చి, ఏది నమ్మాలో, ఎందుకో రాయమంటే చాలు.

ఇప్పుడు ఎంపిక సంగతి. "నువ్వేమవుతావ్?" అని ఆ అమ్మాయిని అడగడం ఇక మానెయ్యండి. ఇంట్లోనూ మాన్పించండి. ఏ వృత్తైనా చెయ్యగల పిల్లకి ఆ ప్రశ్న దారి చూపించదు. ఒకటి ఎంచుకుంటే మిగతా అన్నిటికీ నీళ్ళొదలాలన్న బెంగ మాత్రం పెంచుతుంది. దాని బదులు రోజువారీ పని గురించి మాట్లాడండి. రోజంతా మనుషులతో మాట్లాడటం ఇష్టమా, ఒంటరిగా కూర్చోవడం ఇష్టమా? పని ఫలితం సాయంత్రానికి కనిపించాలా, ఐదేళ్ళు ఆగగలదా? చేతులతో చేసేదా, కాగితం మీద చేసేదా? ఎవరి బాధ చూస్తే తట్టుకోలేదు? ఏ అన్యాయం గురించి మళ్ళీ మళ్ళీ మాట్లాడుతుంది? తెలివి ఏ పని చెయ్యగలదో మాత్రమే చెప్తుంది. ఏ పని చేస్తూ బతకాలో తేల్చేది ఇలాంటి ఇష్టాయిష్టాలే. వాటి గురించి ఆ పిల్లని ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు.

మాటలతో ఆగకుండా మనుషుల దగ్గరికి పంపండి. వాళ్ళ నాన్నగారు డాక్టర్ కావాలంటున్నారు కదా, మంచిదే, వాదించకండి. "ఒక డాక్టరుగారి వెంట ఒక రోజంతా ఉండనిద్దాం" అనండి. రోగుల్ని చూసేది కాసేపైతే, రిపోర్టులు రాయడం, బంధువులకి చెడ్డ వార్త చెప్పడం, రాత్రి ఫోన్లు, ఎడతెగని చదువు ఎన్ని గంటలుంటాయో చూడనివ్వండి. అలాగే ఒక పరిశోధకురాలి దగ్గర, ఒక లాయరు దగ్గర, ఒక పత్రికా సంపాదకుడి దగ్గర ఒక్కో రోజు గడపనివ్వండి. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే "బాగుంది" అంటుంది. అలా వదలకండి. "అక్కడ బోరు కొట్టిన పనేంటి? ఆ బోరు పని నువ్వు ఇరవై ఏళ్ళు చెయ్యగలవా?" అని అడగండి. ప్రతి వృత్తిలోనూ విసుగు పుట్టించే భాగం ఉంటుంది. ఏ విసుగుని భరించగలనో తెలిసిన పిల్ల ఎంపికలో చాలా దూరం వచ్చినట్టే. చూసొచ్చాక కూడా డాక్టరే అవుతానంటే, అది నాన్నగారి నిర్ణయం కాదు, తనదే. అంతకన్నా కావాల్సిందేముంది?

ఆలస్యమైపోతుందన్న తొందర కూడా వద్దు. ఇరాన్‌లో పుట్టిన గణితవేత్త మరియం మిర్జాఖానీ చిన్నప్పుడు రచయిత్రి కావాలనుకుంది. మిడిల్ స్కూల్ మొదటి ఏడాదిలో లెక్కల్లో వెనకబడితే, టీచరు ఆ పిల్లకి ప్రత్యేకమైన ప్రతిభ ఉందనుకోలేదు. తర్వాతి ఏడాది టీచరు మారారు, పిల్ల కూడా మారింది. 1994, 1995లలో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో బంగారు పతకాలు గెలిచింది. 2014లో, గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న మొట్టమొదటి మహిళ అయ్యింది. 2022లో అదే మెడల్ అందుకున్న జూన్ హ అనే గణితవేత్త హైస్కూల్ మధ్యలో మానేసి కవిత్వం రాయబోయాడు, తర్వాత భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం చదువుతూ సైన్సు విలేకరి అవుదామనుకున్నాడు. డిగ్రీ ఆఖరి ఏడాదిలో హేసుకే హిరొనాకా అనే గణితవేత్త పాఠాలు విన్నాకే లెక్కల వైపు తిరిగాడు. ఇలాంటి మహామహుల కథలు చెప్పి పిల్లల మీద బరువు పెట్టమని కాదు. 14 ఏళ్ళకి తేలకపోతే కొంపలు మునగవని వాళ్ళ తల్లిదండ్రులకి చెప్పడానికి పనికొస్తాయి. అలాంటి పిల్లకి కాలేజీ వెతికేటప్పుడు మొదటి ఏడాది తర్వాత సబ్జెక్టు మార్చుకోనిస్తారా, రెండు విభాగాలు కలిపి చదవనిస్తారా అన్నది మొట్టమొదట కనుక్కోండి. ఒక్కసారి చేరితే మారడానికి వీల్లేని కోర్సయితే, చేరే ముందు ఇంకా ఎక్కువ చూసి రావాలి.

ఇక అబ్బాయి. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది వాడి సంగతే. సోమరి అన్న మాట ఆ స్కూల్లో ఇంకెవరూ అనకుండా చూడండి, ముందు ఆ పని చెయ్యండి. నోటితో అంత చక్కగా చెప్పేవాడు రాతలో ఖాళీ పేపరిస్తున్నాడంటే, తెలివికీ చేతికీ మధ్య ఏదో అడ్డం పడుతోందేమో చూడాలి. కొందరు పిల్లలకి రాయడమే పెద్ద యాతన. అక్షరాలు కుదరవు, చెయ్యి నొప్పెడుతుంది, ఆలోచన నాలుగు మెట్లు ముందుకెళ్ళిపోతే రాత మొదటి మెట్టు దగ్గరే ఉంటుంది. కొందరికి చదవడం కష్టం, ప్రశ్న రెండుసార్లు చదివితేగానీ ఎక్కదు. కొందరికి ధ్యాస నిలవదు. గొప్ప తెలివీ, ఇలాంటి ఇబ్బందీ ఒకే పిల్లలో ఉండటం ఉన్నదే. తెలివి ఇబ్బందిని కప్పేస్తుంది, ఇబ్బంది తెలివిని కప్పేస్తుంది. రెండూ కలిసి పైకి ఒక మామూలు పిల్లవాడు, లేదా సోమరి పిల్లవాడు కనిపిస్తాడు. వాడు రాస్తున్నప్పుడు పక్కన కూర్చుని చూడండి. ఒకే పాఠం మీద ప్రశ్నలు సగం రాతలో, సగం నోటితో అడగండి. తేడా బాగా ఎక్కువుంటే పిల్లల మనస్తత్వ నిపుణుల చేత పరీక్ష చేయించమని తల్లిదండ్రులకి చెప్పండి. ఇబ్బంది తేలితే అదనపు సమయం, టైపు చేసే వీలు లాంటివి అడగొచ్చు. అయితే చాలా చోట్ల పెద్ద పరీక్షలకి ఇలాంటి సౌకర్యాలు కావాలంటే ముందునుంచీ కాగితాలు ఉండాలి. పరీక్ష ముందు నెలలో పరిగెడితే కుదరదు.

అవేవీ కాకపోతే, పదిసార్లు వచ్చిన లెక్కనే పదకొండోసారి రాయలేక మానేస్తున్నాడేమో చూడండి. ఇంట్లో ఏదైనా గొడవ నడుస్తోందేమో కూడా నెమ్మదిగా కనుక్కోండి. ఉన్నట్టుండి నిద్ర పోవడం లేదన్నా, స్నేహితులకి దూరమైపోయినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా, ఇద్దరిలో ఎవరి విషయంలోనైనా సరే, కెరీర్ మాటలన్నీ ఆపి వెంటనే వైద్య సహాయం అందేలా చూడండి.

పరీక్షలు చూడలేనిది చాలా ఉంటుంది. లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1921లో కాలిఫోర్నియాలో ఐక్యూ పరీక్షలతో 1,500 మందికి పైగా ప్రతిభావంతులైన పిల్లల్ని ఏరి, వాళ్ళ జీవితాల్ని గమనించడం మొదలుపెట్టాడు. ఆ ఏరివేతలో పరీక్ష రాసి, మార్కు చాలక బయటికెళ్ళిపోయిన పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. తర్వాత ఇద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, 1956లో ఒకరికి, 1968లో ఒకరికి. ఏరిన పిల్లల్లో ఒక్కరికీ రాలేదు. వస్తువుల ఆకారాన్ని మనసులోనే తిప్పి చూడగల నేర్పుని మాటల పరీక్షలు, లెక్కల పరీక్షలు పట్టుకోలేవు. 1960లో అమెరికాలో దాదాపు 4 లక్షల మంది హైస్కూల్ పిల్లలతో మొదలైన ప్రాజెక్ట్ టాలెంట్ అనే అధ్యయనం వివరాల్ని 2009లో మళ్ళీ విశ్లేషించినప్పుడు, సైన్సు, ఇంజినీరింగ్ రంగాల్లో స్థిరపడినవాళ్ళలో ఆ నేర్పు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. మీవాడు ఏవైనా విప్పి బిగిస్తాడా, బొమ్మలు గీస్తాడా, బొమ్మ చూస్తే లెక్క తేల్చేస్తాడా, గమనించండి.

వాణ్ణి లెక్కల్లో పైక్లాసుకి పంపితే ఎలా ఉంటుందని మీకు అనిపించే ఉంటుంది. పంపండి, కానీ ఆ ఒక్క సబ్జెక్టుకే. ప్రముఖ గణితవేత్త టెరెన్స్ టావోని చిన్నప్పుడు స్కూల్లో ఇలాగే ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో తరగతిలో కూర్చోబెట్టారు, లెక్కల్లో బాగా పైన, భాషలో కొంచెమే పైన. 1986లో 10 ఏళ్ళ వయసులో ఒలింపియాడ్‌లో కాంస్యం, తర్వాతి ఏడాది రజతం, 1988లో బంగారం గెలిచాడు. అయినా అతన్ని పూర్తిగా కాలేజీకి తరలించడానికి తల్లిదండ్రులు తొందరపడలేదు. దీనికి ఎదురుగా ఎవరో ఒకరు విలియం సైడిస్ కథ తప్పకుండా చెప్తారు: 1909లో 11 ఏళ్ళకే హార్వర్డ్‌లో చేరాడు, పత్రికలు వెంటపడ్డాయి, తర్వాత లోకానికి దూరంగా చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ 1944లో పోయాడు. కానీ సైడిస్ చేరిన 1909లోనే అదే హార్వర్డ్‌లో 14 ఏళ్ళ నార్బర్ట్ వీనర్ కూడా పైచదువుకి చేరాడు, యంత్రాల్లో, జీవుల్లో నియంత్రణ ఎలా జరుగుతుందో చూసే సైబర్నెటిక్స్ అనే శాస్త్రానికే ఆద్యుడయ్యాడు. ఒక్క కథ పట్టుకుని భయపడనక్కర్లేదు. స్టాన్లీ మొదలుపెట్టిన అధ్యయనంతో సహా అనేక పరిశోధనల్లో, సిద్ధంగా ఉన్న పిల్లల్ని ముందుకు పంపడం వల్ల మొత్తం మీద మేలే జరిగింది. వాడికి ఇష్టముండాలి, నచ్చకపోతే వెనక్కి రావడానికి వీలుండాలి, ఊరంతా చాటింపు వెయ్యకూడదు. ఈ మూడూ చూసుకుంటే చాలు.

కాలేజీ పేరు గురించి తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, పేరున్న కాలేజీల్లో సీటొచ్చి కూడా అంత పేరులేని కాలేజీల్లో చేరినవాళ్ళ సంపాదన, పేరున్నవాటిలో చేరినవాళ్ళతో ఇంచుమించు సమానంగానే ఉంది. అంటే తెచ్చుకున్న ప్రతిభ వాళ్ళతోనే వెళ్ళింది. కానీ ఒక ముఖ్యమైన తేడా: తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకి మాత్రం పేరున్న కాలేజీ బాగా కలిసొచ్చింది. అలాంటి ఇంటి పిల్లయితే పెద్ద కాలేజీకి దరఖాస్తు పెట్టడానికి వెనకాడనివ్వకండి. ఫీజు చూసి ముందే తలుపు మూసేసుకుంటారు, స్కాలర్‌షిప్ ఎంత వస్తుందో కనుక్కోరు. మిగతావాళ్ళు పేరుకన్నా ముందు చూడాల్సింది, ఆ సబ్జెక్టులో మొదటి రెండేళ్ళ పిల్లల్ని తమ పరిశోధనలోకి రానిచ్చే ప్రొఫెసర్లున్నారా అన్నది. బెంజమిన్ బ్లూమ్ అనే విద్యా పరిశోధకుడి బృందం పియానో కళాకారులు, ఈతగాళ్ళు, గణితవేత్తలు వంటి 120 మందితో చేసి 1985లో వెలువరించిన అధ్యయనంలో, మొదట ప్రేమగా ఆసక్తి పుట్టించిన గురువు, తర్వాత గట్టిగా సాధన చేయించిన గురువు, చివర్లో ఆ రంగంలోనే ఆరితేరిన గురువు, ఇలా దశకొకరు కనిపించారు. మీరు మొదటిద్దరి పని చెయ్యగలరు. మూడోవాళ్ళని వెతికిపెట్టాలి. తెలిసిన కాలేజీ లెక్చరర్‌కి ఒక ఉత్తరం రాసి, నెలకి ఒక గంట ఈ పిల్లాడితో మాట్లాడగలరా అని అడగండి. అడిగితే కాదనేవాళ్ళు తక్కువే.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నారు. తొమ్మిది, పది తరగతుల్లో నేను పైన చెప్పినవి చాలు. ఆ తర్వాతి ఏడాది నాలుగైదు కాలేజీల ప్రవేశ నియమాలు, పరీక్షలు, గడువులు, ఖర్చు ఒక కాగితం మీద పిల్లల చేతే రాయించండి. ఆఖరి ఏడాది దరఖాస్తులే. ఏ సబ్జెక్టు ఇప్పుడు వదిలేస్తే తర్వాత ఏ కోర్సుకి అర్హత పోతుందో మాత్రం ముందే చూసుకోవాలి, తర్వాత దిద్దుకోలేనిది అదొక్కటే.

సిఫారసు ఉత్తరాలు మీరే రాయాల్సి రావచ్చు. "ఈ విద్యార్థిని చాలా తెలివైనది, కష్టపడే స్వభావం కలది, అన్ని విషయాల్లో ప్రథమ శ్రేణి" అని రాస్తే ఆ ఉత్తరం ఎవరి గురించైనా అవుతుంది. "ఆరుగురి లెక్క చెప్పిన మర్నాడే నలుగురి సంగతి తనంతట తాను అడిగింది. మూడు వారాలు తప్పు దారిలో వెళ్ళి, ఎక్కడ తప్పిందో తనే పట్టుకుని, ఆ పేజీ నాకు తెచ్చి చూపించింది" అని రాస్తే, చదివేవాళ్ళకి ఒక మనిషి కనిపిస్తుంది. అందుకని ఇప్పట్నుంచే ఇద్దరి పేర్లతో ఒక నోట్‌బుక్ పెట్టి, చూసింది చూసినట్టు తేదీ వేసి రాసుకోండి.

తప్పుదారి పట్టిస్తానేమో అన్నారు. దారి మీరు చెప్పేస్తే ఆ భయం ఉంటుంది. పిల్లలు పనిచేసి, చూసి, వాళ్ళే తేల్చుకునేలా చేస్తే ఉండదు. నచ్చకపోతే మార్చుకోవడం కూడా వాళ్ళకి అప్పటికి అలవాటై ఉంటుంది.

ఇద్దరిలో ముందు అబ్బాయి సంగతి పట్టించుకోండి. అమ్మాయి విషయం ఆర్నెల్లు ఆగినా చేతిలో మార్కులుంటాయి, తలుపులు తెరిచే ఉంటాయి. వాడికి ఆ వెసులుబాటు లేదు. ఈ వారంలోనే వాళ్ళ అమ్మానాన్నల్ని పిలిచి, వాడు బోర్డు దగ్గర చెప్పే జవాబుల గురించి ముందు చెప్పండి. తమ పిల్లాడి గురించి ఒక టీచరు నోట మంచిమాట విని వాళ్ళకి చాలాకాలమై ఉంటుంది. రాత గురించి, పరీక్ష చేయించడం గురించి ఆ తర్వాత చెప్తే వింటారు.